మొవ్వులో ఒకటి, ఆకు కింద ఒకటి

కోనసీమ కొబ్బరి చెట్టుకు ఇద్దరు హక్కుదారులున్నారు. నడినెత్తిన ఇంకా విచ్చుకోని మొవ్వు కొమ్ము పురుగుది. కిందికి వాలిన ముదురు మట్టలు నల్లముట్టె పురుగువి. ఈ రెండూ వదిలిపెట్టింది రైతుకు దక్కుతుంది. మొదటిది పెంకు పురుగు. రెండోది రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగుల జాతి, సీతాకోకచిలుకలకు దగ్గరి చుట్టం. ఒకే ఏటి ఒడ్డున, ఒకే చెట్టు మీద బతుకుతున్నా, ఒకదాన్ని పట్టడానికి పనికొచ్చిన తెలివి రెండోదాని దగ్గర అక్కరకు రాదు. ఎందుకు రాదో చెప్పడానికే ఈ వ్యాసం.

నేను డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వశిష్ఠ గోదావరి ఏటిగట్టును ఆనుకుని మా నాన్నగారు ఇచ్చిన కొబ్బరి తోట ఉంది. పాఠం చెప్పే రోజుల్లో కీటకాల జీవిత చక్రాన్ని నల్లబల్ల మీద నాలుగు బాణాలతో గీసేదాన్ని: గుడ్డు, పిల్లపురుగు, ప్యూపా, పెద్దపురుగు. ఈ నాలుగింటిలో మన చెట్టును తినేది ఏది అన్న ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు. తోటలో అడుగుపెట్టినవాళ్ళకు మాత్రం మొదట ఎదురయ్యేది ఆ ప్రశ్నే.

నెత్తి నుంచి కిందికి

పురుగుల సంగతికి ముందు చెట్టు సంగతి చూడాలి. మామిడికి ఒక కొమ్మ విరిగితే పక్కనుంచి ఇంకోటి వేస్తుంది. కొబ్బరికి ఆ వెసులుబాటు లేదు. పెరిగే చోటు ఒక్కటే, నెత్తిమీద మొవ్వు అడుగున. అక్కడ ప్రాణం పోతే మాను ఎంత బలంగా ఉన్నా చెట్టు పోయినట్టే.

కాపు మీదున్న చెట్టుకు ముప్పై నుంచి నలభై దాకా మట్టలుంటాయి. నెలకొకటి చొప్పున, ఏడాదికి పన్నెండుకు అటూ ఇటూగా కొత్త మట్టలు విచ్చుకుంటాయి. విచ్చుకున్న మట్ట రెండున్నర మూడేళ్ళు పని చేసి, వాలి, ఎండి, రాలుతుంది. ప్రతి మట్ట మొదట్లోనూ ఒక పూగెల పుడుతుంది. అంటే నెత్తి నుంచి కిందికి చూసుకుంటూ వస్తే చెట్టు మూడేళ్ళ చరిత్ర వరసగా కనబడుతుంది. కొమ్ము పురుగు ఇంకా రాని మట్టల మీద పడుతుంది. నల్లముట్టె పురుగు పోబోయే మట్టల దగ్గర మొదలుపెడుతుంది. దెబ్బ ఏ వరసలో ఉందో చూస్తే దోషి ఎవరో నేలమీద నిలబడే చెప్పొచ్చు.

పొట్టు రాలిందంటే

"మొవ్వులో పొట్టు కనబడతందండి అమ్మగారూ!" అని మా దింపు తీసే ఆయన చెట్టు మీంచి కేకేస్తే కొమ్ము పురుగు లోపల ఉన్నట్టు. కొబ్బరి పీచు నమిలి పిప్పి చేసి రంధ్రం బయటికి తోసేస్తుంది. దానికి కావలసింది పీచు కాదు, లేత కండలోని రసం. రసం పీల్చుకుని పిప్పి వదిలేస్తుంది.

నిగనిగలాడే నలుపు, మూడున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల పొడవు, తలమీద వెనక్కి వంగిన కొమ్ము. ఖడ్గమృగాన్ని తలపించే ఆ కొమ్మును బట్టే 1758లో కార్ల్ లిన్నేయస్ దీనికి రైనోసిరస్ అని పేరు పెట్టాడు. మగదాని కొమ్ము పొడవు, ఆడదానిది పొట్టి. కొమ్ముతో పోల్చుకోలేకపోతే వెనక్కి తిప్పి చూడాలి. తోక చివర ఎర్రటి నూగు దట్టంగా ఉంటే ఆడది.

రాత్రిపూట ఎగిరి వచ్చి నెత్తిమీద వాలుతుంది. మట్ట మొదళ్ళ మధ్య సందులోంచి దూరి మొవ్వులోకి తొలుచుకుంటుంది. లోపల విచ్చుకోని మట్టలు ఒకదానిలో ఒకటి బిగుసుకుని ఉంటాయి. ఒక్క రంధ్రం చాలు, అన్ని మడతలూ తెగిపోతాయి. నెలలు గడిచాక ఆ మట్ట విచ్చుకుంటుంది. మడతపెట్టిన కాగితాన్ని కత్తెరతో ఒకచోట కత్తిరించి విప్పితే రెండువైపులా ఒకే ఆకారం వచ్చినట్టు, మట్టకు రెండు పక్కలా సమానంగా త్రికోణంలో ఆకు లేకుండా పోయి కనిపిస్తుంది. ఏటిగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళే కుర్రాడు కూడా గుర్తుపట్టగల ఆనవాలు ఇది.

అయితే ఆ ఆనవాలు పాతది. ఈ రోజు కనబడే కత్తిరింపు ఎప్పుడో జరిగింది. దాన్ని చూసి మందు డబ్బా పట్టుకుని చెట్టెక్కితే పైన పురుగు ఉండదు. తాజా పొట్టు ఒక్కటే తాజా కబురు.

పెద్ద చెట్టు రెండు మూడు మట్టలు పోయినా తట్టుకుంటుంది. కానీ లోపలున్న పూగెలకు రంధ్రం పడితే ఆ గెల కాయలు పోయినట్టే. నాటిన రెండు మూడేళ్ళ మొక్కలకు గండం మరీ పెద్దది. నెత్తి నేలకు దగ్గరగా ఉంటుంది, మొవ్వు లేతగా ఉంటుంది. రంధ్రం ఇంకాస్త లోతుకు దిగి పెరిగే చోటును తాకితే మొక్క చస్తుంది. దాని వెనకే ఎర్ర ముక్కు పురుగు వస్తుంది. కొమ్ము పురుగు చేసిన గాయం వాసనకు చేరి అందులో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు లోపల్నుంచి మానునే తినేస్తాయి. కాబట్టి కొమ్ము పురుగు చేసిన నష్టం లెక్కలో అది తిన్నది మాత్రమే కాదు, అది తలుపు తీసిచ్చినవాళ్ళు తిన్నది కూడా చేరుతుంది.

తోట కాలినట్టుంటే

నల్లముట్టె పురుగు పని వేరుగా కనిపిస్తుంది. ఎండాకాలం దూరం నుంచి చూస్తే కింది మట్టలన్నీ నిప్పు సెగ తగిలినట్టు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. నెత్తిన కొన్ని మట్టలు మాత్రం పచ్చగా నిలబడతాయి. నీళ్ళు చాలలేదేమో అనుకుని కాలవ పెట్టినవాళ్ళను చూశాను.

దగ్గరికెళ్ళి ఒక ఆకు తిరగేస్తే విషయం తేలిపోతుంది. ఆకు అడుగున పట్టుదారాలూ పురుగు పెంటికలూ కలిపి అల్లిన గొట్టాలుంటాయి. ఆ గొట్టాన్ని గోటితో చీలిస్తే లేతాకుపచ్చ ఒళ్ళు, దానిమీద పొడుగునా గోధుమ చారలు, నల్లటి తల ఉన్న గొంగళి పురుగు గబగబా వెనక్కి జరుగుతుంది. ఆకు పచ్చదనాన్ని అడుగు నుంచి గీకి తింటుంది. పైపొరను ముట్టుకోదు. అందుకే పైనుంచి చూస్తే ఆకు ఉన్నట్టే ఉంటుంది, కానీ పత్రహరితం ఉండదు.

ఈ పురుగు పెద్దయ్యాక బూడిద రంగులో ఉండే చిన్న రెక్కల పురుగు అవుతుంది. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు రెండున్నర సెంటీమీటర్లు. పట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది. అది పొడి కాదు, రెక్కల మీది పొలుసులు. శాస్త్రంలో దీని పేరు ఓపిసైనా అరెనోసెల్లా. ఈ రెక్కల పురుగు కొబ్బరాకును కొరకదు. వారం రోజులకు అటూ ఇటూగా బతికి, జతకట్టి, ముదురు ఆకుల అడుగున వందకు పైగా గుడ్లు పెట్టి పోతుంది. అయిదారు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. గొంగళి పురుగు సుమారు నలభై రోజులు తింటుంది. ఆ గొట్టంలోనే గూడు కట్టుకుని పన్నెండు రోజులకు రెక్కలతో బయటికొస్తుంది. అంతా కలిపి రెండు నెలలు. ఏడాదిలో అయిదు తరాలు సులువుగా గడిచిపోతాయి.

చెట్టు చావదు గానీ, మట్టలు తిండి తయారుచెయ్యలేకపోతే పిందె నిలవదు. బాగా సోకిన తోటల్లో మరుసటి ఏడాది కాపు 45 శాతం దాకా పడిపోయినట్టు కాసరగోడ్‌లోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ వాళ్ళు లెక్కగట్టారు. కాయ తగ్గడం ఒక్కటే నష్టం కాదు. ఆ ఆకు తడికలకు పనికిరాదు, పందిరికి పనికిరాదు. కోనసీమలో కొబ్బరి మట్ట కూడా డబ్బే.

పెంటలో పురుగు, సీసాలో పురుగు

మా తోట పక్కనే వరసకు బాబాయి అయ్యే ఆయన తోట. ఆయన పశువుల పెంటంతా మా రెండు తోటల హద్దులో ఏళ్ళ తరబడి పోగవుతూ ఉండేది. నేను కొత్తగా మొక్కలు నాటాక ఒకరోజు వెళ్ళి అడిగాను.

"బాబాయ్, ఆ పెంటకుప్ప తీయించెయ్యవా? అందులో పురుగులు నా మొక్కల్ని తినేస్తున్నాయి."

"పెంటలో పురుగు పెంట తింటదమ్మా. చెట్టు జోలికి అదెందుకు పోద్ది? నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలీదా?"

ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. కుప్పలో ఉండే తెల్లటి, లావుపాటి, కొడవలిలా వంగి పడుకునే ఆ పురుగు బతికున్న కొబ్బరిని తాకదు. కుళ్ళిన పెంట, చివికిన మాను, రంపపు పొట్టు, ఇవే దాని తిండి. ఒక విధంగా ఎరువు తయారుచేసే పని చేస్తోంది. నేను వాదించలేదు. బొటనవేలంత లావున్న పురుగును ఒకదాన్ని తీసి, గాజు సీసాలో కుప్పలోని పెంటే నింపి, మూతకు రంధ్రాలు పెట్టి బాబాయి వసారాలో ఉంచాను. ఆరిపోకుండా అప్పుడప్పుడూ నీళ్ళు చిలకరించమని పిన్నికి చెప్పాను. కొన్నాళ్ళకు పురుగు తిండి మానేసి, పెంటలోనే గుండ్రటి గది చేసుకుని ప్యూపాగా మారింది. మరికొన్ని వారాలకు గది పగలగొట్టుకుని బయటికొచ్చినదానికి కొమ్ముంది. బాబాయి సీసాను వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, ఇదా మొవ్వులోకెళ్ళేది!" అన్నారు. ఆ వేసవిలో కుప్ప పొలానికి తోలించేశారు.

రెండు పురుగులకూ తేడా అంతా ఇక్కడే ఉంది. రెండూ ఆ నాలుగు దశలూ దాటేవే. కానీ తినే వయసూ తిరిగే వయసూ తారుమారయ్యాయి. కొమ్ము పురుగు పసితనంలో చెట్టుకు ఏ హానీ చెయ్యదు, పెద్దయ్యాక తొలుస్తుంది. నల్లముట్టె పసితనమంతా చెట్టును గీకి తింటుంది, పెద్దయ్యాక ఆకు జోలికి పోదు. కొమ్ము పురుగు పిల్లగా నాలుగైదు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పెంటలో గడిపి, పెద్దదై మరిన్ని నెలలు బతికి, మొవ్వుకూ పెంటకుప్పకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. నల్లముట్టె రెండు నెలల్లో కథంతా ముగించి, ఇంకో తరానికి చోటిస్తుంది. ఒకటి కొద్దిమందితో ఎక్కువ కాలం నష్టం చేస్తుంది. రెండోది తక్కువ కాలంలో లెక్కలేనంతమందితో విరుచుకుపడుతుంది.

దీన్నుంచి తేలేది ఏమిటంటే, కొమ్ము పురుగు దెబ్బ చెట్టు మీద కనిపిస్తుంది గానీ దాని పుట్టిల్లు చెట్టు మీద లేదు. నల్లముట్టెకు పుట్టిల్లూ తిండీ రెండూ ఆకు అడుగునే. మొదటిదాన్ని వెతకాలంటే చెట్టు దిగాలి. రెండోదాన్ని వెతకాలంటే ఆకు తిరగెయ్యాలి.

ఏటి ఒడ్డు ఇద్దరికీ ఎందుకు కుదిరింది

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య నేల ఒండ్రుమట్టి. అడుగున నీళ్ళు ఎప్పుడూ దగ్గరే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళూ తోడయ్యాయి. కొబ్బరికి ఇంతకన్నా కావలసిందేముంది? తోట పక్కన తోట, చెట్టు పక్కన చెట్టు, మధ్యలో ఖాళీ లేకుండా మైళ్ళ దూరం ఒకే పంట. పురుగుకు కూడా అంతకన్నా కావలసింది లేదు. ఎగరడం అంతగా చేతకాని చిన్న రెక్కల పురుగు సైతం ఒక నెత్తి మీంచి ఇంకో నెత్తికి చేరిపోతుంది. కేరళలో కూడా నల్లముట్టె పురుగు ఎక్కువగా పీడించేది సముద్రపు ఒడ్డునా, ఉప్పుటేర్ల వెంబడీ ఉన్న తోటలనే.

కొమ్ము పురుగుకు ఏరు ఇంకో మేలు కూడా చేస్తుంది. శ్రావణ భాద్రపదాల వరద లంకల మీదికి దుంగలూ, చెత్తా, కూలిన మానులూ మోసుకొచ్చి వదిలిపోతుంది. నీళ్ళు తీశాక అవి నెమ్మదిగా చివుకుతాయి. గుడ్లు పెట్టడానికి అలాంటి తావే దానికి కావాలి. గాలివానలు కూడా ఆ పనే చేస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ కొబ్బరిని ఎలా పడగొట్టిందో ఆ రోజులు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పడిన మానులను తీసేసే మనుషులు, బళ్ళు చాలక ఎన్నో తోటల్లో అలాగే వదిలేశారు. తలలేని మొండి మానులు నిలబడే కుళ్ళిపోయాయి. మా తోటలో ఒకదాన్ని నరికించినప్పుడు లోపల గుజ్జులో తెల్ల పురుగులు గుత్తులుగా ఉన్నాయి. తుఫాను పోయిన ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ నాటుకున్న లేత మొక్కలకు ఆపద ఆ మొండి మానుల్లోంచే వస్తుంది.

కాలాన్ని కూడా ఈ రెండూ పంచుకున్నాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి, జూన్ మొదలు సెప్టెంబరు దాకా, కొమ్ము పురుగులు ఎక్కువగా బయటికొస్తాయి. నల్లముట్టె ఉధృతి పొడి రోజుల్లో, సంక్రాంతి దాటాక మొదలై వేసవి చివరిదాకా సాగి, వానలు పడ్డాక తగ్గుతుంది. రైతుకు మాత్రం తీరిక ఉండదు.

ఒడ్డు దాటి సముద్రాలు దాటడంలో కూడా రెండూ తక్కువ తినలేదు. సింహళం నుంచి రబ్బరు మొక్కలతో పాటు ఓడెక్కిన కొమ్ము పురుగు 1909లో పసిఫిక్ మహాసముద్రంలోని సమోవాలో తేలింది. 2007లో గ్వామ్‌కూ, 2013లో హవాయికీ చేరింది. అదే 2013లో నల్లముట్టె పురుగు చైనా దక్షిణాన ఉన్న హైనన్ దీవి తోటల్లో బయటపడింది.

జబ్బు చేయించి వదిలిపెట్టడం

అరవై అడుగుల చెట్టు నెత్తికి మందు కొట్టడం మాటల పని కాదు. కొట్టినా, కొమ్ము పురుగు మొవ్వు లోపల, నల్లముట్టె గొట్టం లోపల. వేరును కోసి మందు సంచి కట్టి తాగించే పద్ధతి ఒకటి ఉంది. అలా తాగించిన చెట్టు కాయను 45 రోజుల దాకా కొయ్యకూడదు. బొండాలు అమ్ముకుని బతికేవాళ్ళు అన్నాళ్ళు ఆగడం కష్టం. అందుకే ఈ రెండింటి విషయంలో శాస్త్రవేత్తలు మందు కన్నా ముందు వాటి శత్రువులను వెతికారు. రెండింటికీ శత్రువులు దొరికారు, కానీ రెండు రకాల శత్రువులు.

కొమ్ము పురుగుకు దొరికినవి జబ్బులు. ఒకటి మెటారైజియం అనే ఆకుపచ్చ బూజు. 1879లో ఒడెస్సాలో ఇల్యా మెచ్నికోవ్ పంటలను పాడుచేసే వేరే పెంకు పురుగు పిల్లల మీద దీన్ని గమనించి, పురుగుతో పురుగు జబ్బునే పోరాడించవచ్చని తలపెట్టాడు. తర్వాత రోగనిరోధక శక్తి మీద పరిశోధనకు 1908లో నోబెల్ బహుమతి అందుకున్న మెచ్నికోవ్ ఆయనే. బూజు విత్తనం పురుగు ఒంటికి అంటుకుని, మొలిచి, చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. చచ్చిన పురుగు గట్టిపడి, మొదట తెల్లగా, తర్వాత పచ్చగా మారుతుంది. తేమగా ఉండే పెంట గుంటలో ఈ బూజు కలిపితే అక్కడి పిల్లపురుగులకు పాకుతుంది. చూశారా, ఇక్కడ కూడా మందు పడేది చెట్టు మీద కాదు, గుంటలో.

రెండోది ఒక వైరస్. 1963లో మలయాలో జర్మన్ శాస్త్రవేత్త అలోయిస్ హూగర్ దీన్ని కనిపెట్టాడు. నాలుగేళ్ళకు, 1967లో, సమోవాలో వదిలారు. 1980లలో మన లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో కూడా ప్రయోగించారు. ఈ వైరస్ సోకిన పెద్దపురుగు వెంటనే చావదు. కడుపు పాడై తిండి తగ్గిస్తుంది, గుడ్లు తగ్గిస్తుంది. కానీ ఎగురుతూనే ఉంటుంది. జతకట్టిన చోటా, గుడ్లు పెట్టే కుప్పలోనూ జబ్బును వదులుతూ పోతుంది. కాబట్టి పట్టుకున్న పురుగును చంపకుండా వైరస్ అంటించి తిరిగి తోటలోకే వదులుతారు, హెక్టారుకు పది పదిహేను. శత్రువును చేతికి చిక్కించుకుని మళ్ళీ వదలడమేమిటని మా వైపు రైతులు మొదట్లో నవ్వారు. దాని దీర్ఘాయుష్షే దానికి శత్రువైంది. నాలుగు రోజుల్లో చచ్చే పురుగైతే ఈ ఉపాయం పారేది కాదు. గ్వామ్‌లో తేలిన రకం ఈ వైరస్‌కు లొంగలేదు, అందుకే అక్కడ కొబ్బరికి అంత నష్టం.

కాపలా కాసే తల్లి

నల్లముట్టెకు దొరికినవి చిన్న చిన్న కందిరీగ జాతి ఈగలు. వ్యవసాయ శాఖ వాళ్ళ భాషలో బదనికలు. వాటిలో గోనియోజస్ అనే నల్లటి ఈగ బియ్యపుగింజ కన్నా చిన్నది. పట్టుదారాల గొట్టంలోకి అది దూరిపోతుంది. మనిషి కొట్టే మందు వెళ్ళలేని చోటికి నడిచి వెళ్తుంది. తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన గొంగళి పురుగును కుట్టి కదలకుండా చేసి, దాని ఒంటిమీద గుడ్లు పెడుతుంది. అక్కడితో పని అయిపోయిందని వెళ్ళిపోదు. పిల్లలు పొదిగి, పురుగును పీల్చేసి గూళ్ళు కట్టుకునే దాకా ఆ పురుగు పక్కనే కాపలా ఉంటుంది. వేరే గోనియోజస్ ఆ గూటి మీదికి వస్తే పోట్లాడి తరిమేస్తుంది. కీటకాల్లో తల్లి ఇలా కాపలా కాయడం అరుదు. రెండు వారాలు తిరిగేలోపు ఆ ఒక్క పురుగు మీంచి కొత్త ఈగలు లేస్తాయి. నల్లముట్టెకు ఒక తరం గడిచేలోగా దీనికి మూడు నాలుగు తరాలు. ఎంత వేగంగా పెరిగే పురుగుకు అంతకన్నా వేగంగా పెరిగే శత్రువు కావాలి మరి.

గోనియోజస్‌తో పాటు బ్రేకాన్ అనే ఇంకో ఈగను కూడా అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో పెంచి రైతులకు ఇస్తున్నారు. పెంపకం చూడముచ్చటగా ఉంటుంది. ముందు నూకలు, పిండిలో పడే కోర్సైరా అనే ఇంకో రెక్కల పురుగును కావాలని పెంచుతారు. దాని పిల్లలను ఈగలకు మేతగా పెడతారు. పెద్ద ఈగలకు తేనె చుక్కలు. తోటలో వదిలేముందు నల్లముట్టె గొట్టాల వాసన చూపించి ఉంచితే, బయటికెళ్ళాక పురుగును త్వరగా కనిపెడతాయి. ప్రయోగశాల తలుపు దగ్గర నిలబడి ఈ సంగతి వింటున్నప్పుడు ఒక రైతు "పోలీసు కుక్కకి చూపించినట్టా అండీ" అని అడిగితే అక్కడున్న వాళ్ళందరం నవ్వాం.

ఈగలను వదిలిన తోటలో పురుగుమందు కొడితే ముందు చచ్చేది ఈగలే. గొట్టంలో దాక్కున్న నల్లముట్టె బతికి, దాన్ని పట్టే నాథుడు లేక రెట్టింపవుతుంది. రెండు వైద్యాలూ ఒకేసారి కుదరవు.

తోటలో చెయ్యవలసింది

లేత మొక్కలున్నవాళ్ళు మొవ్వును ఆనుకున్న మట్ట మొదళ్ళలో మూడు నాలుగు కలరా ఉండలు పెట్టి పైన ఇసుక కప్పాలి. నలభై అయిదు రోజులకోసారి మార్చాలి. లేదా పావుకిలో వేప పిండిని అంతే ఇసుకతో కలిపి మట్ట మొదళ్ళలో వెయ్యొచ్చు, ఏడాదికి మూడుసార్లు. తాజా పొట్టు కనబడితే ఇనప కొక్కెంతో రంధ్రంలోంచి పురుగును లాగెయ్యాలి. దింపు తీసేవాళ్ళకు ఈ పని బాగా వచ్చు. ఆముదం పిండి నీళ్ళలో పులియబెట్టిన కుండలను నేలలో పాతిపెడితే ఆ వాసనకు కొన్ని పురుగులు వచ్చి పడతాయి. మగపురుగు వదిలే వాసనను పోలిన ఎరతో ఆకర్షక బుట్టలు కూడా దొరుకుతున్నాయి. వాటిని లేత మొక్కలకు దూరంగా కట్టడం మంచిది. ఇవన్నీ చేసినా, చచ్చిన మానులను నరికి తీసెయ్యకుండా, పెంట గుంటను తిరగెయ్యకుండా వదిలితే వచ్చే ఏడాది మళ్ళీ మొదటికే. గుంట తిరగేసిన రోజు కాకులకూ కోళ్ళకూ పండగ.

నల్లముట్టె కనబడిన తొలిరోజుల్లో బాగా సోకిన కింది మట్టలను రెండు మూడు కోసి తగలబెడితే ఉధృతి తగ్గుతుంది. వాటిని వేరే ఊరికి తడికలకనో పందిరికనో పంపితే పురుగును బండెక్కించి పంపినట్టే. తర్వాత పురుగు ఏ వయసులో ఉందో చూసి, దానికి తగిన బదనికలను విడతలుగా వదలాలి. గోనియోజస్, బ్రేకాన్ గొంగళి పురుగును పట్టేవి, గూడు కట్టాక పట్టవు. అందుకే ఆకు తిరగేసి చూడకుండా డబ్బా తెచ్చి వదిలితే దండగ.

ఈ పనులేవీ ఒక్క తోటలో చేసి ఊరుకుంటే నిలవవు. హద్దు రాయి కొమ్ము పురుగుకు తెలియదు. నా మొక్కకు పడిన రంధ్రం బాబాయి కుప్పలోంచి వచ్చింది. అలాగే నేను వదిలిన ఈగలు ఆయన తోటకూ వెళ్ళాయి. నష్టం హద్దు దాటినప్పుడు పరిష్కారం కూడా హద్దు దాటాలి. ఒకే గట్టు వెంబడి ఉన్న పదిమంది కలిసి ఒకే నెలలో పెంట గుంటలు తిరగేసి, ఒకే నెలలో బదనికలు వదిలితే వచ్చే ఫలితం ఎవరి తోటలో వాళ్ళు ఏడాదంతా కష్టపడినా రాదు.

ఈసారి దింపుకు మనిషి ఎక్కినప్పుడు కాయల లెక్కతో పాటు రెండు మాటలు అడగండి. మొవ్వులో కొత్త పొట్టు ఉందా? కింది మట్టల ఆకులు అడుగున గొట్టాలు కట్టాయా? మొదటిదానికి అవునంటే చెట్టు కేసి చూస్తూ నిలబడక, మీ కుప్పా మీ పక్కవాళ్ళ కుప్పా వెతకండి. రెండోదానికి అవునంటే మందుల కొట్టుకు పోకుండా ఒక సోకిన ఆకు చేతపట్టుకుని పరిశోధన కేంద్రానికో ఉద్యాన శాఖ అధికారి దగ్గరికో వెళ్ళండి. ఏ పురుగు ఏ వయసులో తింటుందో తెలిశాక, ఎటు నడవాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.